తల కదలకుండా

"పాల సంగతి తరవాత. ముందొచ్చి నా తల పట్టుకో" అని కారు షెడ్డులోంచి కేకేశారు మావారు.

కొత్తగా వినేవాళ్ళు ఆయనకు తలనొప్పి అనుకుంటారు. మా పక్కింటావిడ అలాగే అనుకుని ఒకరోజు గోడ మీంచి తలనొప్పి మందు సీసా అందించింది కూడా. "రోజూ పొద్దున్నే వస్తోందే పాపం, ఓసారి కళ్ళ డాక్టరుకు చూపించండి" అంది. సీసా తీసుకుని థాంక్స్ చెప్పాను. మావారికున్నది గోల్ఫ్ అని చెబితే అదేం జబ్బని అడుగుతుందేమోనని ఊరుకున్నాను.

రెండేళ్ళ కిందట ఆయన ఆఫీసులో పై అధికారి మారారు. కొత్తగా వచ్చినాయన ఆదివారాలు గోల్ఫ్ ఆడతారట. దాంతో ఆఫీసులో సగం మందికి తమకూ ఆ ఆటంటే ప్రాణమని ఒక్కసారిగా తెలిసొచ్చింది. మావారు అందరికంటే ముందు తెలుసుకున్నారు. సంచీ నిండా కర్రలు కొన్నారు. నేను కర్రలంటే ఆయనకు కోపం. "కర్రలేంటి, బూజు దులపడానికా? క్లబ్ అనాలి" అంటారు. సరే, క్లబ్బులు. వాటికి తొడుగులు, ఎడమచేతికి తెల్ల గ్లవ్, పొడుగాటి గొడుగు, మడత చెదరని ప్యాంటు. అన్నీ అమిరాయి. బంతి ఒక్కటే మాట వినలేదు.

బంతి తిన్నగానే బయల్దేరుతుంది. సగం దూరం పోయాక ఇంట్లో ఏదో మర్చిపోయినదానిలా కుడివైపుకు తిరిగి చెట్లలోకి పోతుంది. దాన్ని స్లైస్ అంటారట. కొత్తగా నేర్చుకునేవాళ్ళలో చాలామందికి ఉండేదేనట. ఆ మాట మావారికి ఏమాత్రం ఓదార్పు కాలేదు. తను అందరిలాంటివాడు కాడని ఆయన గట్టి నమ్మకం. ఫోనులో వీడియోలు చూసీ చూసీ చివరికి రోగం తనే కనిపెట్టారు. కొట్టేటప్పుడు తల లేస్తోందట. తల కదలకుండా ఉంటే బంతి దారిలో పడుతుందట. మరి తల కదలకుండా ఉండాలంటే ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా! ఆ ఎవరో ఒకరు మా ఇంట్లో నేనే.

కాబట్టి రోజూ కారు బయట పెట్టి, షెడ్డులో ఎడమవైపు గోడకు వల కట్టి, కింద పచ్చ మ్యాట్ పరిచి, ఆయన బంతి మీదికి వంగి నిలబడతారు. నేను బంతికి ఇవతల ఎదురుగా నిలబడి, కుడిచేయి బారుగా చాపి, అరచెయ్యి ఆయన నుదుటికి ఆనించి పట్టుకోవాలి. క్లబ్ పైకి లేచి, కిందికి దిగి, నా మోకాళ్ళ ముందు నుంచి రయ్యిమని పోతుంది. మొదట్లో కళ్ళు గట్టిగా మూసుకునేదాన్ని. "నువ్వు భయపడితే నా ఏకాగ్రత చెడుతోంది" అన్నారు. ఆయన ఏకాగ్రత కోసం కళ్ళు తెరిచాను. తెరిచాక చూడటం అలవాటైంది.

వంటింటి కిటికీలోంచి అత్తగారు చూస్తూ, "మగాడు ఏదో నేర్చుకుంటానంటే ఇంట్లో ఆడది ఓ చెయ్యి వెయ్యాలమ్మా. మంచి పని చేస్తున్నావు" అనేవారు. వేశాను. వేసిన చెయ్యి తియ్యకుండా నెలల తరబడి నిలబడ్డాను. మధ్యలో పాలు పొంగాయి, కుక్కరు ఈలలు వేసింది, నేను డ్యూటీకి వెళ్ళే ఆస్పత్రి బస్సు నా కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

అయినా నేనెందుకు ఒప్పుకున్నానో ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో! నిజం చెప్పాలంటే మొదటి రోజు అరచేతిలోకి ఆయన నుదురు వచ్చినప్పుడు నాకు చెయ్యి తియ్యబుద్ధి కాలేదు. నుదురు వెచ్చగా ఉంది. ఎడమ కనుబొమ పైన చిన్న గుంట ఉంటుంది, చిన్నప్పుడు పడిన మచ్చ. పెళ్ళైన కొత్తలో దాన్ని వేలితో తడుముతుంటే ఆయన కళ్ళు మూసుకునేవారు. ఆ గుంట ఇంకా అక్కడే ఉందని నాకు షెడ్డులో తెలిసింది. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద ఉంటూ ఆయన్ని ముట్టుకుని ఎన్నాళ్ళైందో లెక్క పెట్టే ధైర్యం నాకు లేదు. మా మధ్య పోట్లాటలేమీ లేవు. ఎప్పుడో వాడటం మానేసిన గదిలా అది అలా మూతపడిపోయిందంతే. ఇప్పుడు పొద్దున్నే, పిలిచి మరీ, తన నుదురు నా చేతికిస్తున్నారు. కాదనడానికి మనసొప్పలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, కొన్నాళ్ళు ఆ పిలుపు కోసం ముందే లేచి, మొహం కడుక్కుని, చేతులకు క్రీమ్ రాసుకుని కూర్చునేదాన్ని.

ఆయన మాత్రం బంతినే చూసేవారు. చూడాలి కూడా. అది ఆటలో మొదటి నియమం.

నేను ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నా నోట్లో ఉండేది ఒకటే మాట. "కదలకండి. ఊపిరి బిగపట్టండి. ఆఁ, వదలండి." మనిషి గదిలోకి అడుగుపెట్టే తీరులోనే నొప్పి ఎక్కడుందో సగం తెలిసిపోతుంది. బరువు ఏ కాలి మీద వేస్తున్నారు, ఏ భుజాన్ని దాచుకుంటున్నారు, ఏ పక్కకు తిరగకుండా తప్పించుకుంటున్నారు. తెలిసినా చెప్పకూడదు. ఒకసారి ఓ ముసలాయన మణికట్టులో సన్నటి గీత కనిపించి, "ఇక్కడోసారి చూడండి సార్" అన్నందుకు ఎముకల డాక్టరు నవ్వుతూనే, "తియ్యడం నీ పని, చదవడం నా పనీనూ. మార్చుకుందామంటావా?" అన్నారు. చుట్టూ ఉన్న నర్సులు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. అలాంటప్పుడు నవ్వడం కూడా నా పనిలో భాగమే.

కళ్ళు తెరిచి నిలబడ్డాక, షెడ్డులో కూడా అలాగే అన్నీ కనిపించసాగాయి. మావారి వేళ్ళ కణుపులు తెల్లబడేంత గట్టిగా పట్టుకుంటారు క్లబ్‌ని. ఎవరో లాక్కుపోతారేమోనన్నట్టు పట్టు. అంత బిగపడితే మణికట్టు ఎలా తిరుగుతుంది? మణికట్టు తిరక్కపోతే క్లబ్ మొహం, అంటే బంతికి తగిలే వైపు, తిన్నగా రాదు, పక్కకు తెరుచుకునే ఉండిపోతుంది. ఇక పైనుంచి దిగేటప్పుడు ముందు నడుము కదలాలి, దాని వెనకాల భుజం, ఆ తరవాతే చేతులు. ఈయనకు అన్నిటికంటే ముందు కుడి భుజం ఎగబడుతుంది. దాంతో క్లబ్ బయట నుంచి లోపలికి కోసుకుంటూ వచ్చి బంతికి పక్క తిప్పు పెడుతుంది. అదీ స్లైస్. బరువు కూడా కుడికాలి మీదే ఉండిపోతుంది, ఎడమ కాలి మీదికి రాదు. అన్నిటికీ మించి, బంతి తగిలిందో లేదో ఠక్కున ఆగిపోతారు. క్లబ్ అటు భుజం మీదికి పోయే దాకా ఒంటిని పోనివ్వరు.

తలదేం తప్పు లేదు. మిగతా ఒళ్ళంతా ఇటూ అటూ లాగుతుంటే అది పాపం ఎక్కడ నిలబడుతుంది?

ఒకే ఒక్కసారి అన్నాను. "పట్టు కాస్త వదులు చేసి చూడకూడదూ? భుజం కంటే ముందు నడుము తిప్పితే..."

ఆయన తలెత్తి నావైపు చూడను కూడా లేదు. నుదురు నా చేతిలోనే ఉంది మరి. "నీకు చెప్పింది పట్టుకోమని. అది సరిగ్గా చెయ్యి చాలు" అన్నారు.

మనసు చివుక్కుమంది. దాని వెంటే ఇంకోటి కూడా అనిపించింది, అది ఎవరితోనూ అనలేదు. పోనీలే, రోగం తెలియకపోతే వైద్యం నడుస్తూనే ఉంటుంది, రేపు కూడా పిలుస్తారు.

ఇలా చూస్తూ చూస్తూ నాకో కోరిక పుట్టింది. ఒక్కసారి నేను కొట్టాలి. గెలవడానికి కాదు, ఎవరికీ చూపించడానికీ కాదు. వీడియోల్లో బాగా ఆడేవాళ్ళు కొట్టాక ఒళ్ళంతా అటు తిరిగిపోతుంది. కుడి మడమ లేస్తుంది, నడుము తిరుగుతుంది, చేతులు భుజం మీంచి వెనక్కి పోతాయి, అప్పుడు తల దానంతటదే లేచి ఆకాశంలో బంతి కోసం చూస్తుంది. ఎక్కడా ఏదీ మిగుల్చుకోకుండా, మొత్తం మనిషి అలా ఒక్క ఊపులో తిరగడం. నేనెప్పుడు తిరిగాను అలా? సగం ఒంగి గిన్నెలు తోమడం, సగం లేచి తలుపు తియ్యడం, సగం కూర్చుని అన్నం తినడం. నా ఒంటికి పూర్తిగా చేసిన కదలిక ఒక్కటి కూడా గుర్తులేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ ఊపును తలుచుకుని, ఎవరూ చూడకుండా మొహం బయటికి తిప్పుకునేదాన్ని. క్లబ్ కోసం ఏడుపేమిటని నన్ను నేనే కసురుకునేదాన్ని.

ఆఫీసువాళ్ళు పెట్టిన గోల్ఫ్ పోటీ దగ్గర పడేసరికి మావారు పరువు పక్కన పెట్టి ప్రాక్టీసు మైదానంలో కోచ్ దగ్గర ఒక గంటకు పేరు రాయించుకున్నారు. ఫోనులో వీడియో తియ్యడానికి నన్ను తీసుకెళ్ళారు. కోచ్ ఆడమనిషి. పొట్టి జుట్టు, ఎండకు కమిలిన మొహం. మావారికి అక్కడే సగం నమ్మకం పోయింది.

ఆవిడ కాసేపు ఆయన కొట్టడం చూసింది. తరవాత నావైపు తిరిగి, "మీరు అక్కడ ఎదురుగా నిలబడి చెయ్యి చాపారెందుకు?" అంది.

అలవాటు కొద్దీ నిలబడ్డానని అప్పుడు చూసుకున్నాను. చెయ్యి నిజంగానే గాల్లో ఉంది.

"నా తల పట్టుకుంటుంది. తల కదలడమే కదా నా ప్రాబ్లెమ్" అన్నారు మావారు.

"తలా?" అంది ఆవిడ. "అయ్యో, ఎవరు చెప్పారండీ? తలని వదిలెయ్యండి. కొత్తవాళ్ళందరూ దాన్నే తిడతారు, అదేం చేసింది పాపం. మీ పట్టు చూడండి, క్లబ్‌కి ఊపిరాడటం లేదు. పైనుంచి భుజంతో తోసేస్తున్నారు. చంకలో ఈ తువ్వాలు పెట్టుకుని, అది కింద పడకుండా నడుముతో తిరగండి. బంతి వెళ్ళిపోయాక తల కూడా దాంతోపాటే తిరగాలి. పట్టుకుంటే ఒళ్ళు ఎలా తిరుగుతుంది?"

నేను ఫోను వెనకాల మొహం దాచుకున్నాను. నేను చూసిందే ఆవిడ చెప్పిందని సంతోషపడాలి కదా, పడలేదు. నా పొద్దుటిపూటలు అయిపోయాయే అని దిగులేసింది.

మావారు తువ్వాలు పెట్టుకుని కుస్తీ పడుతుంటే ఆవిడ నా పక్కకొచ్చింది. "మీరెప్పుడైనా కొట్టారా?"

"లేదండీ."

"కొట్టాలని ఉంది కదూ? ఇందాక ఆయన కొడుతుంటే మీ నడుం తిరిగింది, చూశాను." తన చేతిలో ఉన్న క్లబ్ నాకిచ్చింది. పిడి వెచ్చగా ఉంది. నేను దాన్ని పైకి తీసుకెళ్ళబోయాను. కుడిచెయ్యి భుజం దాకా వచ్చి, అక్కడ ఏదో కొక్కెం పడినట్టు ఆగిపోయింది. నొప్పి మెడ దాకా పాకింది.

"ఏదీ, చెయ్యి పక్క నుంచి ఎత్తండి" అంది. ఎత్తాను. భుజం దాటలేదు. "ఎన్నాళ్ళ నుంచి? ఈ చేత్తో రోజూ ఏం పట్టుకుంటారు?"

"మావారి తల" అన్నాను.

ఆవిడ పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఆవిడ నా భుజం మీద రెండు వేళ్ళు పెట్టి, నొప్పి ఉన్న చోటే మెల్లగా నొక్కి, "ఇక్కడేనా?" అంది. నేను తలూపాను. కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. నొప్పికి కాదు. ఇలాంటి భుజాలు ఎన్నిటికో ఎక్స్‌రేలు తీశాను. ఎముకలు చక్కగా ఉంటాయి, బిగుసుకుపోయింది మాత్రం అందులో పడదు. అందుకే నాది నేనెప్పుడూ తీసుకోలేదు. ఆయన ఒంట్లో ప్రతి కీలు ఎలా కదులుతుందో నాకు తెలుసు. నా చెయ్యి పైకి లేవడం లేదని ఇంట్లో ఎవరికీ తెలియదు. జుట్టు ముడి ఎడమచేత్తో వేసుకోవడం మొదలుపెట్టి ఎన్నాళ్ళో అయింది. ఒకప్పుడు నేను జడ అల్లుకుంటుంటే ఆయన గుమ్మంలో నిలబడి ఆఖరి పాయ దాకా చూసేవారు. "ఏంటలా చూస్తారు?" అంటే, "ఊరికే" అనేవారు. ఆ 'ఊరికే' కోసం ఇన్నేళ్ళూ నేను ఇల్లంతా వెతుక్కుంటున్నానని ఆ మైదానంలో అర్థమైంది.

"కదపకపోతే ఇంకా బిగుస్తుంది. మెల్లగా కదపండి. ఆదివారం పొద్దున ఆడవాళ్ళకు క్లాసుంది, రండి" అంది కోచ్.

"ఆవిడకెందుకండీ ఇదంతా! ఆదివారం ఇంట్లో బోలెడు పని. మన గంట అయిపోతోంది, ఇటు చూడండి" అని మావారు అటునుంచి కేకేశారు. నేను క్లబ్ తిరిగిచ్చేశాను.

కారెక్కి ఆయన అద్దం సర్దుకున్నారు. తరవాత, "ఆవిడకేం తెలుసు. తల కదలడం నాకు తెలియడం లేదూ? పోటీ అయ్యేదాకా మన పద్ధతే మనది. నువ్వు మాత్రం రేపట్నుంచి ఇంకా గట్టిగా పట్టుకో" అన్నారు. నా పొద్దుటిపూటలు నాకు తిరిగొచ్చాయి. ఈసారి కూడా సంతోషం రాలేదు.

ఆ వారం బూజు కర్ర నాకు క్లబ్ అయింది. మధ్యాహ్నం డ్యూటీ లేని రోజున హాల్లో సోఫా జరిపి, దాన్ని రెండు చేతులా వదులుగా పట్టుకుని, భుజం ఎంత పోనిస్తే అంత దాకా తీసుకెళ్ళి, నడుముతో మొదలుపెట్టి తిప్పాను. సగంలో ఆగింది. మళ్ళీ తిప్పాను. ఇంకొంచెం పోయింది. వెనక్కి తిరిగేసరికి అత్తగారు గుమ్మంలో ఉన్నారు.

"ఏం చేస్తున్నావు?"

"బూజు దులుపుతున్నానండీ."

ఆవిడ పైకప్పు చూశారు, నేల చూశారు. "బూజు అంత కిందికి దిగిందా?" అన్నారు.

నేను కర్ర కిందికి దించాను. ఆవిడ వెళ్ళబోయి ఆగి, "దీపం స్టాండు ఉంది వెనకాల, చూసుకుని తిప్పు" అని గదిలోకి వెళ్ళిపోయారు.

ఇవాళ ఆదివారం. ఆయన కేకేసినప్పుడు పాలు ఇంకా కాగలేదు. స్టవ్ ఆర్పబోతుంటే అత్తగారు వచ్చి నా చేతిలోంచి గరిటె తీసుకుని, "నే చూస్తాలే, వెళ్ళు" అన్నారు. ఆవిడ పాల దగ్గర నిలబడటం నేనెప్పుడూ ఎరగను.

షెడ్డులో వల కట్టి ఉంది. ఆయన బంతి మీదికి వంగారు. నేను చెయ్యి చాపాను. నుదురు అరచేతిలోకి వచ్చింది. వెచ్చగా, కాస్త చెమటతో. కనుబొమ పైన గుంట నా ఉంగరం వేలి కింద ఉంది. నా భుజం సలుపుతోంది. ఈ చెయ్యి తీసేస్తే మళ్ళీ ఈ నుదురు నాకు ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. బహుశా దొరకదు. అది తెలిసే చేశాను. క్లబ్ పైకి వెళ్ళి దిగబోతున్న క్షణంలో చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

క్లబ్ దిగింది. పట్టుకునేవాళ్ళు లేక ఒళ్ళు దానంతటదే తిరిగింది. నడుము, భుజం, ఆఖరున తల. బంతి వలకు నట్టనడుమ తగిలి కింద పడింది. ఇన్ని నెలల్లో వల మధ్యకు వచ్చిన బంతి లేదు.

ఆయన అలాగే వల వైపు తల తిప్పి నిలబడి, ఆనందంతో ఊగిపోతూ, "చూశావా! ఇవాళ నువ్వు గట్టిగా పట్టుకున్నావు. తల ఇసుమంత కూడా కదల్లేదు!" అన్నారు.

నా చెయ్యి నా పక్కనే వేలాడుతోంది. ఆయనకు తెలియలేదు. ఉన్నప్పుడూ తెలియలేదు, తీసేసినప్పుడూ తెలియలేదు. నాకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. నెలల తరబడి నేను ఆయన నుదుటిని తాకుతున్నాననుకున్నానే గానీ, ఆయనకు తగిలింది నేను కాదు. ఆయన్ని ముట్టుకోవడం కాదు నాక్కావలసింది. అంతకంటే పాతది, అంతకంటే చిన్నది, ఆ 'ఊరికే'.

ముందుకెళ్ళి ఆయన చేతిలోంచి క్లబ్ తీసుకున్నాను. పట్టు సడలే ఉంది, తేలిగ్గా వచ్చేసింది. "కాసేపట్లో నాకు క్లాసుంది. వెళ్ళేలోపు ఒకటి కొడతాను. మీరు ఇటు రండి" అన్నాను.

ఆయన తెల్లబోయారు. నవ్వబోయి, నా మొహం చూసి మానుకున్నారు. మెల్లగా వచ్చి, ఇన్నాళ్ళూ నేను నిలబడ్డ చోట నిలబడ్డారు. నేను బంతి ముందు కాళ్ళు సర్దుకున్నాను. వేళ్ళు వదులు చేసుకున్నాను. ఏం చెయ్యాలో తోచక ఆయన కుడిచెయ్యి ముందుకు చాపారు.

"తల పట్టుకోనా?"

"అక్కర్లేదు. చూడండి, చాలు" అన్నాను.